గంగమ్మ వాక్కు

మా గవ్వలపాలెంలో కొట్లాటకి కూడా ఒక పద్ధతి ఉంది. తాగి కొట్టుకునేదానికి పద్ధతీ పాడూ ఉండదు గాని, ఊరికీ ఊరికీ మధ్య సముద్రం మీద జరిగేదానికి మాత్రం గంగమ్మ తల్లి సెలవు కావాలి. అమ్మవారు ఒక ఆడదాని ఒంటి మీదకి వచ్చి "వెళ్లండిరా" అనాలి. అనకపోతే రేవులో ఒక్క పడవ తాడు కూడా విప్పరు. బయటివాళ్లకి చెబితే ఎంత భక్తో అనుకుంటారు. నేను ఈ ఊరికి కోడలిగా వచ్చి పాతికేళ్లు దాటింది. ఆ భక్తి లోతెంతో నాకు తెలుసు.

అమ్మవారు అందరి మీదకీ రాదు. మా అత్తగారు తాతమ్మ మీదకి వచ్చేది. ఆమె పోయాక, పెద్దకోడలిని కాబట్టి నా మీదకి వస్తుందని ఊరంతా ఎదురుచూసింది. రాలేదు. నా నోటికి జడిసి ఉంటుందని మా ఆయన శోభనాద్రి ఇప్పటికీ ఎగతాళి చేస్తాడు. వచ్చి వచ్చి మా తోడికోడలు దేవమ్మ మీదకి వచ్చింది. దేవమ్మ అంటే నోట్లో నాలుక లేని మనిషి. బందరు మార్కెట్లో నా కొట్టు పక్కన చేపల గంప పెట్టుకుని కూర్చునేది గాని, ఎవరెంతకి అడిగితే అంతకే ఇచ్చేసేది. మా ఆయన ఎదురుపడితే గోడకి అతుక్కుపోయి, కొంగు భుజాల నిండా లాక్కుని, ఆయన దాటిపోయేదాకా తలెత్తేది కాదు. మా ఇళ్లల్లో బావగారంటే మరదలికి ఆ మర్యాద ఉండాలి. ఆయన గిన్నె అందుకోవాలన్నా మధ్యలో నేనుండాలి.

అలాంటి మనిషి ఒళ్లు మరిచాక "ఒరే శోభనాద్రీ" అని గర్జించేది. కులపెద్ద అని కూడా చూడకుండా మా ఆయన్ని మోకాళ్ల మీద కూర్చోబెట్టేది. నిజం చెప్పొద్దూ, అది చూస్తే నాకు భలే సరదాగా ఉండేది.

మూడేళ్ల కిందట చినరేవుపాలెం వాళ్లతో గొడవ ముదిరింది. వాళ్లవి రింగు వలల బోట్లు. ఒడ్డుకి దగ్గర్లోనే వల చుట్టి, పిల్లచేపా పెద్దచేపా అని చూడకుండా ఊడ్చుకుపోతారు. మా చిన్న వలలు ఆ బోట్ల కింద పడి పీలికలవుతాయి. వాళ్లు పరాయివాళ్లు కూడా కాదు. వాళ్ల అమ్మవారు మా గంగమ్మకి చెల్లెలు. జాతరకి ఇక్కడి చీర అక్కడికి, అక్కడి చీర ఇక్కడికి వెళ్తుంది. చీరలు ఇచ్చిపుచ్చుకునే ఆ అక్కచెల్లెళ్లు ఒకరి పిల్లల్ని ఒకరు చంపుకోండని ఎలా చెప్తారో నాకు అర్థం కాదు. అప్పుడూ కాలేదు.

ఆ రోజు గుడి ముందు డప్పులు మోగాయి. దేవమ్మ ఊగింది. అరచేతిలో కర్పూరం ముద్ద వెలిగించి పెడితే నవ్వుతూ పట్టుకుంది. "వెళ్లండిరా. నాకు నెత్తురు కావాలి. ముందు పడవలో నేనుంటా" అంది. ముందు పడవలో నిలబడింది ఆమె మొగుడు, మా మరిది మోహన్. అవతలివాళ్ల గడకర్ర దెబ్బకి తల పగిలి నీళ్లలో పడ్డాడు. మర్నాడు పోటుతో పాటు ఒడ్డుకి కొట్టుకొచ్చాడు.

ఊరు ఏమందో తెలుసా? తల్లి నెత్తురు అడిగింది, మన శోభనాద్రి ఇంట్లోనే తీసుకుంది, ఎంత పుణ్యం అంది. పాలెం మొదట్లో పెద్ద ఫ్లెక్సీ కట్టారు. "ధర్మం కోసం ప్రాణమిచ్చిన వీరుడు మోహన్" అని. దాంట్లో చచ్చినవాడి బొమ్మ కంటే బతికున్న పెద్దల బొమ్మలే ఎక్కువ. మా ఆయన బొమ్మ మరీ పెద్దది.

దేవమ్మకి మాత్రం తానేమందో గుర్తు లేదు. ఎప్పుడూ ఉండదు. దినం అయిపోయాక, చుట్టాలంతా వెళ్లాక, నా దగ్గరకొచ్చి కూర్చుంది.

"నిజంగా నేనే అలా అన్నానా అక్కా?"

"నువ్వు కాదు. అమ్మవారు" అన్నాను. ఇంకేమనను.

మొగుడు పోయిన ఆడదాని మీదకి అమ్మవారు వస్తుందా అని కొందరు సణిగారు. గంగమ్మకి మాత్రం మొగుడున్నాడా ఏంటి అని అడిగాను. నోళ్లు మూతపడ్డాయి. ఆ తర్వాత కూడా జాతరకి అమ్మవారు దేవమ్మ మీదకి వచ్చేది గాని, మాట్లాడేది కాదు. కాసేపు ఊగి, పసుపు నీళ్లు పోయించుకుని వెళ్లిపోయేది.

దేవమ్మకి మిగిలింది కొడుకు వెంకట్ ఒక్కడే. బందరులో ఐటీఐ చదివాడు. బోటు ఇంజన్లు బాగుచేస్తాడు. మోహన్ పోలికే. నవ్వితే మరీను. ఆ నవ్వు చూసినప్పుడల్లా దేవమ్మ మొహం తిప్పుకునేది.

ఈ ఏడు వేట నిషేధం అయిపోయిన వారానికే చినరేవుపాలెం బోట్లు మళ్లీ మా వలల మీద నుంచి పోయాయి. ఆఫీసర్లకి అర్జీ పెడితే చూస్తామన్నారు. వాళ్లు చూసేలోపు కుర్రాళ్ల ఫోన్లలో చిరిగిన వలల వీడియోలు తిరిగాయి. వాటికింద మోహన్ ఫోటో పెట్టి, పాట కలిపి, "పగ తీరేదెప్పుడు" అని రాశారు. మా ఊళ్లో ఇంకో పద్ధతి కూడా ఉంది. కొట్లాటలో చచ్చినవాడికి కొడుకుంటే, తర్వాతి కొట్లాటలో ముందు పడవలో వాడే నిలబడాలి. మొదటి దెబ్బ వాడే వెయ్యాలి. అంటే మొదటి దెబ్బ తినేది కూడా వాడే. ఆ రెండో సంగతి ఎవరూ పైకి అనరు.

గుడివాడ నుంచి హరిబాబు గారని ఒకాయన్ని పిలిపించారు. ప్రవచనాలు చెబుతాడట. పట్టుపంచె కట్టుకుని, గుడి అరుగు మీద మైకు పట్టుకున్నాడు. "అన్యాయాన్ని సహించడమే అసలైన హింస. ధర్మం కోసం ఎత్తిన కర్ర కర్ర కాదు, అది అమ్మవారి చేతిలో శూలం. చంపేది నువ్వు కాదు, చచ్చేది వాడు కాదు. అంతా ఆ తల్లి లీల" అన్నాడు. కుర్రాళ్లు ఈలలు వేశారు. ఆయన మా ఇంట్లో పండుగప్ప ఇగురు మాత్రం ముట్టలేదు. జీవహింస గిట్టదట. పప్పు వండించుకుని తిని, పొద్దుండగానే కారెక్కి వెళ్లిపోయాడు. గుడివాడలో సముద్రం ఉండదు.

మర్నాడు పక్క పేట నుంచి దయానందం పాస్టరు వచ్చాడు. మంచివాడే. శాంతిగా మాట్లాడుకోండయ్యా, ఒక చెంప కొడితే రెండో చెంప చూపించమన్నారు అని మొదలుపెట్టాడు. "ఒక వల చింపితే రెండో వల చూపించమంటారా పాస్టరు గారూ" అని ఎవడో అన్నాడు. అందరూ పగలబడి నవ్వారు. ఆయన కూడా పాపం నవ్వాడు. టీ తాగి, వెళ్తూ వెళ్తూ నా దగ్గర ఆగి, "మీరైనా చెప్పండమ్మా" అన్నాడు. ఈ ముక్క నేను చాలామంది నోట విన్నాను. చేతగాని పనులన్నీ చివరికి మా ఆడవాళ్ల ఒళ్లోకే తోస్తారు.

చెప్పలేదనుకోకండి. చెప్పాను. అన్నం పెడుతూ మా ఆయనతో అన్నాను, "మీ తమ్ముణ్ణి ఇచ్చారు, ఇప్పుడు వాడి కొడుకునీ ఇస్తారా?"

"నేనెవణ్ణి ఇవ్వడానికి? ఆదివారం వాక్కు అడుగుతాం. తల్లి ఏమంటే అదే. వద్దంటే ఆగిపోతాం" అన్నాడు.

ఈ మాట గుమ్మం అవతల నిలబడ్డ దేవమ్మ విన్నది. వెంకట్ కోసం కూర గిన్నె తీసుకెళ్లడానికి వచ్చి, బావగారు తింటున్నారని బయటే ఆగిపోయింది. మా ఆయన చెయ్యి కడుక్కుని వెళ్లాక లోపలికొచ్చింది. గిన్నె సంగతే మరిచిపోయింది.

"అక్కా, ఆదివారం అమ్మవారు నా మీదకి రాకపోయినా వచ్చినట్టు చేస్తాను. వద్దని చెప్తాను. పాపమా?"

చేపల ధర కూడా గట్టిగా చెప్పలేని మనిషి ఊరందరి ముందూ దేవతలా నిలబడతానంటోంది.

"నిజంగా వస్తేనో?" అన్నాను.

"వస్తే మళ్లీ వెళ్లమంటుందేమో. నాకు తెలియకుండానే నా నోటితో వాణ్ణి పంపేస్తుంది. అందుకే ఆ రోజు ఒళ్లు మరవకూడదు నేను. ఏం చేసైనా సరే. పాపమా చెప్పక్కా."

"పాపమైతే సగం నాకు రాయించు" అన్నాను.

మార్కెట్ నుంచి వచ్చాక మా పెరట్లో కూర్చుని అన్నీ అనుకున్నాం. జుట్టు ఎప్పుడు విప్పాలి, వేపరొట్ట ఏ చేత్తో పట్టాలి, గొంతు ఎలా బొంగురు చెయ్యాలి. మా ఆయన్ని "ఒరే" అనడం ఆమెకి చేత కాలేదు. నన్నే శోభనాద్రి అనుకోమన్నాను. నా వంక చూసి "ఒరే" అని, సిగ్గుతో మోకాళ్లలో తల పెట్టుకుని నవ్వింది. మోహన్ పోయాక ఆమె నవ్వడం అప్పుడే చూశాను. కర్పూరం సంగతి అడిగాను. కాలుతుంది కదే అన్నాను. "కాలనీ" అంది.

ఆదివారం పొద్దున్నే ఊరంతా గుడి దగ్గరే. పూజారి సూరయ్య సాంబ్రాణి వేశాడు. డప్పులు మొదలయ్యాయి. కుర్రాళ్లు ఫోన్లు పైకెత్తి పట్టుకున్నారు. వెంకట్ ముందు వరసలో తండ్రి గడకర్ర పట్టుకుని నిలబడ్డాడు. దాని చివర ఇనప కొక్కెం కొత్తగా బిగించారు.

దేవమ్మ జుట్టు విప్పుకుంది. ఊగింది. నాకు తెలిసి చూస్తున్నా సరే, ఒళ్లు జలదరించింది. సూరయ్య అరచేతిలో కర్పూరం పెట్టి వెలిగించాడు. మంట లేచింది. ఆమె వేళ్లు వణకలేదు. ఎంతసేపటికీ వదల్లేదు. చర్మం కాలుతున్న వాసన నాకు తగిలింది, ఇంకెవరికీ తగల్లేదు. సాంబ్రాణి పొగ అంత దట్టంగా ఉంది మరి.

"ఒరే శోభనాద్రీ" అంది. గొంతు బ్రహ్మాండంగా వచ్చింది. "పడవలు కదలొద్దురా. నాకు నెత్తురు వద్దు. ఇంతవరకు తాగింది చాలు. అవతల ఉన్నదీ నా చెల్లెలి పిల్లలే. కూర్చుని మాట్లాడుకోండి. కాదని తాడు విప్పారో, నేను మీ రేవులో ఉండను."

డప్పులు ఆగిపోయాయి. వెనక నుంచి కొందరు ఆడవాళ్లు "అమ్మా తల్లీ" అంటూ ఏడుపు అందుకున్నారు. అది భక్తితో వచ్చిన ఏడుపు కాదు. బతికిపోయామన్న ఏడుపు. వెంకట్ చేతిలో గడకర్ర కిందకి దిగింది. మా ఆయన మొహం మాడిపోయింది గాని, చేతులు జోడించాడు. అయిపోయింది, గెలిచేశామనుకున్నాను.

వాక్కు అయ్యాక కులపెద్ద అమ్మవారి కాళ్లు కడగాలి. పసుపు నీళ్లు పోసి, తన కండువాతో తుడిచి, ఆ పాదాల మీద తల పెట్టాలి. మా ఆయన ఆ పని ఎన్నిసార్లు చేశాడో లెక్కే లేదు. అప్పుడంతా దేవమ్మ రాయిలా నిలబడేది. ఒంట్లో తను లేదు కదా మరి. మేం గొంతు అనుకున్నాం, జుట్టు అనుకున్నాం, నిప్పు అనుకున్నాం. కాళ్ల సంగతి మా ఇద్దరికీ తట్టలేదు.

మా ఆయన చెంబు పట్టుకుని మోకాళ్ల మీద కూర్చుని, కాళ్ల వైపు చెయ్యి చాచాడు. దేవమ్మ కాళ్లు వెనక్కి లాక్కుంది. అంతటితో ఆగినా ఏదో ఒకటి చెప్పుకునేవాళ్లం. చెయ్యి దానంతటదే పోయి కొంగు భుజం మీదకి లాక్కుంది. తల వాల్చేసింది. పక్కకి ఒదిగింది. నిప్పుని పట్టుకున్న మనిషి, బావగారి చెయ్యి కాళ్లకి తగులుతుందంటే తట్టుకోలేకపోయింది.

మా ఆయన ఆమె పాదాల వంక చూశాడు. తర్వాత నెమ్మదిగా లేచాడు.

"అమ్మవారు కాదు. మా మరదలు" అన్నాడు.

"అలిగిన తల్లి కాళ్లు వెనక్కి తీసుకోదా ఏంటి?" అని నేను గట్టిగానే అన్నాను.

"కొంగు కప్పుకోదు" అన్నాడు, నా వంక చూడకుండానే. "నువ్వు ఇంటికెళ్లు సుమతీ."

ఆ తర్వాత జరిగింది తల్చుకుంటే నాకు ఇప్పటికీ కడుపు మండిపోతుంది. ఎవరో చెయ్యి తెరిపించి చూశారు. అరచెయ్యి బొబ్బలెక్కి ఉంది. "చూశారా, అమ్మవారైతే కాలుతుందా" అన్నారు. మూడేళ్ల కిందట వెళ్లి చంపుకోండన్నప్పుడు ఆమె అరచెయ్యి ఒక్కడంటే ఒక్కడు తెరిచి చూడలేదు. కాళ్లు కదిలాయా, కొంగు జారిందా అని ఎవడూ కనిపెట్టలేదు. నరికి రండన్నప్పుడు అది ఎవరి నోరైతేనేం, వాళ్లకి అమ్మవారే. వద్దనేసరికి పరీక్షలు గుర్తొచ్చాయి.

సూరయ్య ఉపాయం చెప్పాడు. పూలు పెట్టి అడుగుదామన్నాడు. అమ్మవారి విగ్రహానికి రెండు భుజాల మీదా తడిపూలు అంటిస్తారు. కుడిపువ్వు ముందు రాలితే వెళ్లమన్నట్టు, ఎడమది రాలితే వద్దన్నట్టు. కుడివైపున పెద్ద స్టాండు ఫ్యాను గిర్రున తిరుగుతోంది. ఉక్కగా ఉందని పొద్దున సూరయ్యే పెట్టించాడు. ఆ ఫ్యాను ఆపండని నేను అరిచాను. దేవుడి పనిలో ఫ్యానేంటమ్మా అని ఒకాయన నన్ను మందలించాడు. కుడిపువ్వు రాలింది. డప్పులు మళ్లీ మోగాయి.

దేవమ్మని ఇంటికి తీసుకొచ్చి, చేతికి కలబంద గుజ్జు రాస్తున్నాను. ఆమె ఏడవడం లేదు. "కాళ్లు అక్కా, కాళ్లు" అని మాత్రం అంటోంది. అప్పుడే వెంకట్ వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. చేతిలో గడకర్ర అలాగే ఉంది. బయట వాడి కోసం పిలుపులు వినిపిస్తున్నాయి. మధ్యాహ్నం పోటుకి పడవలు తియ్యాలని అనుకున్నారట.

"అమ్మా" అన్నాడు. "ఇవాళ చేసినట్టే నాన్న వెళ్లిన రోజు కూడా చేశావా?"

దేవమ్మ తలెత్తింది.

"ఏం అడుగుతున్నావురా?" అన్నాను నేను.

"నువ్వుండు పెద్దమ్మా. నాకు తెలియాలి. ఆ రోజు వచ్చింది నిజంగా అమ్మవారైతే, నాన్నని పంపింది ఆవిడ. ఆవిడ మొదలుపెట్టిన పని నేను పూర్తి చెయ్యాలి. వెళ్తాను. అమ్మవారు కాకపోతే..." అని ఆగిపోయాడు. "చెప్పమ్మా. ఆ రోజు ఎవరు?"

వాడు తెలిసి అడిగాడో తెలియక అడిగాడో గాని, తల్లి మెడకి రెండువైపులా కత్తి పెట్టాడు. అమ్మవారే అంటే వాడు పడవెక్కుతాడు. కాదంటే మొగుణ్ణి చంపుకున్నది తనే అవుతుంది. నాకు నిజం తెలుసు. ఆ రోజు నేనే ఆమెని పట్టుకుని ఇంటికి తెచ్చాను. స్నానం చేయించాను. అంత మంట పట్టుకున్న అరచేతిలో మచ్చ కూడా లేదు. పసిపిల్ల చెయ్యిలా ఉంది. ఆ రోజు వచ్చింది ఏదైనా కావచ్చు, దేవమ్మ మాత్రం కాదు.

దేవమ్మ కొడుకు కళ్లలోకి సూటిగా చూసింది.

"అదీ నేనేరా" అంది.

"ఎందుకు?"

"అందరూ అదే కావాలన్నారు. వెళ్లమంటే సంతోషపడతారని అన్నాను. మీ నాన్న పోతాడనుకోలేదు."

నేను నోరు తెరిచాను. దేవమ్మ కాలిన చేత్తోనే నా మణికట్టు పట్టుకుని గట్టిగా నొక్కింది. ఆ నొప్పి ఆమెకి ఎంత అయి ఉంటుందో. నేను నోరు మూసుకున్నాను.

వెంకట్ గడకర్రని గోడకి ఆనించాడు. జాగ్రత్తగా, కిందపడకుండా ఆనించాడు. తల్లి వైపు ఇంకోసారి చూడలేదు. రేవుకి వెళ్లి అందరి ముందూ, "మా నాన్నని పంపింది అమ్మవారు కాదంట. మా అమ్మంట. నేను రాను" అని చెప్పి, బండెక్కి బందరు రోడ్డు పట్టుకున్నాడు.

ఇక్కడ ఒక మాట అడగాలి. అప్పటి వాక్కు అబద్ధమైతే, మోహన్ చావే ఒక పొరపాటైతే, మరి ఇప్పుడీ పగ దేనికి? ఆ రేవులో అంతమంది మగాళ్లున్నారు. ఒక్కడికైనా ఆ ప్రశ్న రాలేదు. పువ్వు రాలింది కదా అన్నారు. ముందు పడవలో వెంకట్ బదులు సూరయ్య కొడుకు రాము ఎక్కాడు. ఆ సాయంత్రం చినరేవుపాలెం కుర్రాడొకడు కొక్కెం దెబ్బకి చచ్చాడు. పెళ్లి కుదిరిందట వాడికి. రామూతో పాటు ఇంకొందరు జైల్లో పడ్డారు. నెల తిరక్కుండా రెండు పాలేల పెద్దలూ బందరులో ఆఫీసర్ల ముందు పక్కపక్కనే కూర్చుని, ఎవరు ఎక్కడ వల వెయ్యాలో కాగితం మీద సంతకాలు పెట్టారు. టీలు, బిస్కెట్లు. అదే పని ముందు చెయ్యమనే కదా దేవమ్మ అన్నది. ఆ మాట మా ఆయనతో అన్నాను. "అప్పుడు వేరు, ఇప్పుడు వేరు" అన్నాడు. ఏది వేరో చెప్పమంటే టీవీ పెట్టుకున్నాడు.

రాము జైలుకి పోవడానికి కారణం ఎవరయ్యా అంటే దేవమ్మట. దొంగ పూనకం వేసి తల్లికి కోపం తెప్పించిందట. ఊరు ఆమెని వెలేసింది. ఆమె చేత్తో ఇచ్చిన నీళ్లు తాగకూడదు, పలకరించకూడదు. మోహన్ ఫ్లెక్సీ చింపేశారు. వీరుడు కాస్తా పెళ్లాం చేతిలో మోసపోయిన వెర్రివాడయ్యాడు. తీర్పు చెప్పింది మా ఆయనే. నేను ఆయనకి అన్నం పెడుతున్నాను గాని, ఆ రోజు నుంచి పక్కన కూర్చుని తినడం మానేశాను. ఆయనకి అది తెలిసో లేదో.

దేవమ్మ పుట్టింటివాళ్ల దగ్గరకి, అవనిగడ్డ దాటాక ఒక చిన్న పల్లెకి వెళ్లిపోయింది. రొయ్యల చెరువుల దగ్గర కూలికి పోతోంది. వెంకట్ గుడివాడలో ఒక మెకానిక్ షెడ్లో చేరాడు. వాణ్ణి చూడటానికి వెళ్లాను. చిక్కిపోయాడు. టిఫిను తెప్పించి, తిన్నాక మీ అమ్మ అని మొదలుపెట్టబోయాను. చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఆవిడ మాటెత్తితే ఇంకోసారి కనిపించను పెద్దమ్మా."

అక్కడి నుంచి పామర్రు, పామర్రు నుంచి అవనిగడ్డ బస్సు. దారంతా నాలో నేను తిట్టుకుంటూనే ఉన్నాను. మొగుణ్ణి, సూరయ్యని, హరిబాబుని, ఆ ఫ్యానుని, అందరికంటే ఎక్కువగా గంగమ్మని. పులిగడ్డ వంతెన మీద బస్సు ఆగితే కింద కృష్ణ కనిపించింది. మామూలుగా అయితే దణ్ణం పెట్టుకుంటాను. ఆ రోజు పెట్టుకోలేదు.

దేవమ్మ చెరువు పని నుంచి వచ్చి నాకు అన్నం వడ్డించింది. కుడి అరచెయ్యి పూర్తిగా ముడుచుకోవడం లేదు. గరిటె ఎడమ చేత్తో పట్టుకుంది. వాడు తింటున్నాడా, ఎక్కడ పడుకుంటున్నాడు, ఒంట్లో బాగుంటోందా అని అన్నీ అడిగింది. నేనిక ఆగలేకపోయాను.

"నేను వాడికి నిజం చెప్పేస్తాను. ఆ రోజు నువ్వు కాదని చెప్తాను. నీ చెయ్యి నేను చూశాను కదా. వాడు నిన్ను హంతకురాలనుకుంటుంటే చూస్తూ ఊరుకోలేను."

"వద్దక్కా. చెప్తే ఏమవుతుంది? అమ్మవారే పంపిందని మళ్లీ కర్ర పట్టుకుంటాడు. ఇప్పుడు కాకపోతే వచ్చే ఏడు. నన్ను తిట్టుకుంటూ బతకనీ."

"వాడి సంగతి సరే. నీ సంగతి ఏంటి? చెయ్యని పాపం మోస్తావా జన్మంతా?"

ఆమె గరిటె కింద పెట్టింది. గోడకి గంగమ్మ పటం ఉంది. దాని ముందు దీపం వెలుగుతోంది. వెలేసిన ఊరి అమ్మవారినే మూటలో కట్టుకుని తెచ్చుకుంది పిచ్చిది. ఆ పటం చూసి నాకు ఒళ్లు మండింది. తీసి కాలవలో పారెయ్యవే అన్నాను. నీ మొగుణ్ణి మింగిన దానికి దీపం కూడానా అన్నాను.

దేవమ్మ నా వంక చాలా నెమ్మదిగా చూసింది.

"నాకు ఆ రోజు గుర్తు లేదక్కా. నిజంగానే లేదు. అందుకని ఏది కావాలంటే అది అనుకోవచ్చు నేను. ఆవిడే అయితే, మా ఆయన తిరిగి రాడని తెలిసి కూడా పంపినట్టే కదా. నా నోటితోనే పంపింది. అది అనుకుంటే నేను బతకలేను. నేనే చేశాననుకుంటున్నాను. అలా అనుకుంటేనే ఆవిడకి దణ్ణం పెట్టుకోగలుగుతున్నాను."

చెప్పి, నా కంచంలో ఇంకో గరిటెడు అన్నం వేసింది.